మెయిన్స్ ప్లగ్ పెట్టకుండా బోర్డు పరీక్షించడం ఎలా: రెగ్యులేటర్ అవుట్‌పుట్ వైపు నుంచి కరెంట్ ఇచ్చే పద్ధతి

"7805 అవుట్‌పుట్ కాలికి బయటి నుంచి 5 వోల్టులు ఇస్తే రెగ్యులేటర్ పోతుందా?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. 7805 అంటే ఎక్కువ వోల్టేజ్ తీసుకుని స్థిరంగా 5 వోల్టులు ఇచ్చే మూడు కాళ్ల రెగ్యులేటర్ చిప్. ఇవ్వొచ్చు. రిపేరుకి వచ్చిన బోర్డుల్లో సగం నేను అలాగే లేపుతాను. కాకపోతే క్లిప్పు తగిలించే ముందు ఇన్‌పుట్ కాలి వైపు ఏముందో చూడాలి. రెగ్యులేటర్ మాడ్చుకున్నవాళ్లలో చాలామంది అవుట్‌పుట్ వైపు జాగ్రత్తగా ఉండి, ఇన్‌పుట్ సంగతి మర్చిపోయినవాళ్లే.

అసలు ఇలా ఎందుకు చేయాలంటే, మెయిన్స్‌తో నడిచే బోర్డులో మనకి పని ఉండేది సాధారణంగా మైక్రోకంట్రోలర్, డిస్‌ప్లే, సెన్సర్ల దగ్గర. అదంతా 5 లేదా 3.3 వోల్టుల భాగం. దాని కోసం ప్రోబ్ పట్టుకుని మెయిన్స్ పక్కన చెయ్యి పెట్టడం దేనికి? ప్లగ్ పీకేసి, ఆ చిన్న భాగానికి మాత్రమే ల్యాబ్ పవర్ సప్లై నుంచి ఇస్తే షాక్ టెన్షన్ ఉండదు. ఎక్కడైనా షార్ట్ ఉన్నా పొగ రాదు.

థియరీ ఒక్క పేరాలో ముగిస్తాను. 7805 లాంటి రెగ్యులేటర్ అవుట్‌పుట్ కాలు కరెంట్ బయటికి ఇవ్వడానికే, లోపలికి తీసుకోవడానికి కాదు. ఇన్‌పుట్ ఖాళీగా ఉన్నప్పుడు అవుట్‌పుట్‌కి వోల్టేజ్ ఇస్తే, లోపలున్న జంక్షన్ల గుండా కొంత కరెంట్ వెనక్కి ఇన్‌పుట్ వైపు పారుతుంది. అది కొద్దిపాటిదైతే ఏమీ కాదు. ఇన్‌పుట్ లైన్ మీద రిలే, మోటారు లాంటిది ఉంటే మాత్రం దానికి కావలసిన కరెంట్ అంతా ఆ సన్నని దారిలోంచే పోవాలి, అక్కడే చిప్ పోతుంది. రెండో ప్రమాదం వోల్టేజ్‌తో. ఇన్‌పుట్ సున్నా దగ్గర ఉండి అవుట్‌పుట్ సుమారు 7 వోల్టులు దాటితే, లోపల కరెంట్ మోసే పాస్ ట్రాన్సిస్టర్ ఎమిటర్-బేస్ జంక్షన్ తట్టుకోలేక బ్రేక్‌డౌన్ అయ్యే వీలుంది. అందుకే 7805తో చాలాసార్లు తప్పించుకుంటాం, 12, 15 వోల్టులు ఇచ్చే 7812, 7815లతో తప్పించుకోలేం.

ఏమేం కావాలి

- కరెంట్ లిమిట్ ఉన్న (మనం పెట్టిన హద్దుకి మించి కరెంట్ ఇవ్వని) ల్యాబ్ పవర్ సప్లై
- డయోడ్ మోడ్ ఉన్న మల్టీమీటర్
- 1ఎన్5819 షాట్కీ డయోడ్ (కరెంట్‌ని ఒకవైపే పోనిచ్చే భాగం) ఒకటి. లేకపోతే 1ఎన్4007
- కొసలకి చిన్న హుక్కు క్లిప్పులున్న వైర్లు. పెద్ద క్రొకొడైల్ క్లిప్పులు పక్క కాలికి తగిలి షార్ట్ చేస్తాయి
- మీ రెగ్యులేటర్ డేటాషీట్. గుర్తుంది కదా అని వదిలేయకండి
- 47 ఓమ్‌ల, 1 వాట్ రెసిస్టర్. చివర్లో రెగ్యులేటర్ బాగుందో లేదో చూడటానికి

ల్యాబ్ సప్లై లేనివాళ్లు మూడు ఏఏ సెల్స్ (4.5 వోల్టులు) లేదా 5 వోల్టుల ఫోన్ ఛార్జర్ తీసుకుని, సిరీస్‌లో 10 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ పెట్టండి. బోర్డు పూర్తిగా షార్ట్ అయి ఉన్నా అర ఆంపు దాటదు. 50 మిల్లీఆంపులు తీసుకునే బోర్డుకి రెసిస్టర్ మీద అర వోల్టు పోతుంది, మొదటి పరీక్షకి అది సరిపోతుంది. షార్ట్ లేదని తేలాక రెసిస్టర్ తీసేయొచ్చు. కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టు మాత్రం దీనికి వాడకండి.

1. ప్లగ్ పీకండి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాయో లేదో కొలవండి

స్విచ్ ఆపితే చాలదు, తీగ గోడ నుంచి బయటికి రావాలి. బోర్డులో ఎస్ఎంపీఎస్ (మెయిన్స్‌ని వేగంగా స్విచ్ చేస్తూ వోల్టేజ్ తగ్గించే సప్లై) ఉంటే పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. మీటర్‌ని డీసీ 600 లేదా 1000 వోల్టుల రేంజిలో పెట్టి కొలవండి. 10 వోల్టుల కిందికి వచ్చేదాకా బోర్డు ముట్టుకోవద్దు.

ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కెపాసిటర్‌తోనే వోల్టేజ్ తగ్గించే బోర్డులు కొన్ని ఉంటాయి. వాటిలో 5 వోల్టుల లైనో గ్రౌండో మెయిన్స్‌కి నేరుగా కలిసి ఉంటుంది. ఈ పద్ధతి బాగా పనికొచ్చేది నిజానికి అలాంటి వాటికే, ఎందుకంటే ప్లగ్ తీసేశాక ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్పు కూడా భయం లేకుండా పెట్టొచ్చు. కానీ స్కోపో, ల్యాప్‌టాప్‌కి కట్టిన ప్రోగ్రామరో బోర్డుకి తగిలి ఉండగా ఎవరైనా ప్లగ్ పెట్టారంటే, స్కోపు, ల్యాప్‌టాప్ సంగతి అటుంచండి, మీకే ప్రమాదం. ప్లగ్‌ని మీ బల్ల మీదే, కళ్లెదురుగా పెట్టుకోండి.

2. రెగ్యులేటర్ కాళ్లు గుర్తించండి

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. అన్నీ మూడు కాళ్ల చిప్పులే అయినా వరుస ఒకటి కాదు. అక్షరాలు మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి:

- 7805 (లోహపు రెక్క ఉన్నది): ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. రెక్క గ్రౌండ్
- 78ఎల్05 (చిన్న ట్రాన్సిస్టర్ లాంటిది, చదునైన ముఖం మీ వైపు): అవుట్‌పుట్, గ్రౌండ్, ఇన్‌పుట్
- 7905 (మైనస్ 5 వోల్టులు ఇచ్చేది): గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. రెక్క ఇన్‌పుట్
- ఏఎంఎస్1117: గ్రౌండ్, అవుట్‌పుట్, ఇన్‌పుట్. రెక్క అవుట్‌పుట్
- ఎల్ఎం317: అడ్జస్ట్ (వోల్టేజ్ సెట్ చేసే కాలు), అవుట్‌పుట్, ఇన్‌పుట్. రెక్క అవుట్‌పుట్

మొదటి రెండూ చూశారుగా. అన్నదమ్ముల్లాంటి పేర్లే, వరుస మాత్రం పూర్తిగా తిరగబడింది. 7805 అలవాటుతో 78ఎల్05కి క్లిప్పు పెడితే మీరిచ్చే 5 వోల్టులు ఇన్‌పుట్‌కి పోతాయి. అవుట్‌పుట్‌లో మూడు వోల్టుల చిల్లర కనిపిస్తుంది, బోర్డు సగం లేచి సగం లేవక పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తుంది. చిప్‌ని అనుమానిస్తూ గంట పోతుంది.

సరిచూసుకోవడం తేలికే. మీటర్ బజర్ మోడ్‌లో ఒక ప్రోబ్ అవుట్‌పుట్ అనుకున్న కాలి మీద, రెండోది మైక్రోకంట్రోలర్ పవర్ కాలి మీద పెట్టండి. బజర్ మోగాలి.

3. కరెంట్ ఇచ్చే ముందు రెండు కొలతలు

అవుట్‌పుట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య రెసిస్టెన్స్ చూడండి. కెపాసిటర్లు నిండేదాకా అంకె పెరుగుతూ పోతుంది, ఆగాక చదవండి. వందల ఓమ్‌లో, కిలో ఓమ్‌లో ఉంటే ముందుకు వెళ్లండి. 2, 3 ఓమ్‌లే ఉంటే షార్ట్ ఉన్నట్టే, 7వ మెట్టు చూడండి.

తర్వాత ఇన్‌పుట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఇదే కొలత. దీన్ని అందరూ వదిలేస్తారు. ఇన్‌పుట్ వైపు కెపాసిటర్ షార్ట్ అయి ఉంటే, మీరు అవుట్‌పుట్‌కి ఇచ్చిన కరెంట్ రెగ్యులేటర్ గుండా ఆ షార్ట్‌లోకే పోతుంది. అప్పుడు ముందు ఇన్‌పుట్ కాలు పైకి లేపండి.

4. ఇన్‌పుట్ లైన్ మీద ఇంకేమున్నాయో వెతకండి

ఇన్‌పుట్ కాలి నుంచి రాగి దారి పట్టుకుని వెనక్కి వెళ్లండి. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్, ఆ వెనక బ్రిడ్జ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు) మాత్రమే ఉంటే అదృష్టం: బ్రిడ్జ్ డయోడ్లు కరెంట్‌ని ట్రాన్స్‌ఫార్మర్ వైపు పోనివ్వవు, కెపాసిటర్ ఒకసారి నిండి ఊరుకుంటుంది. రిలే కాయిల్, బజర్, ఫ్యాన్, బ్యాక్‌లైట్, ఇంకో రెగ్యులేటర్ లాంటివి కనిపిస్తే అవన్నీ మీ 5 వోల్టుల మీద పడతాయి. కనెక్టర్ ఉన్నవాటిని ఊడదీయండి. మిగతావాటికి 5వ మెట్టు.

5. ఇన్‌పుట్ కాలిని కాపాడండి

మూడు దారులున్నాయి. నాకు నచ్చిన వరుసలో చెబుతాను.

మొదటిది, డయోడ్. 1ఎన్5819ని అవుట్‌పుట్, ఇన్‌పుట్ కాళ్ల మధ్య పెట్టండి. గీత ఉన్న కొస ఇన్‌పుట్ వైపు. వెనక్కి పారే కరెంట్ రెగ్యులేటర్ లోపలికి పోకుండా డయోడ్‌లోంచి పోతుంది. షాట్కీ ఎందుకంటే దాని మీద 0.2 నుంచి 0.4 వోల్టులే పడతాయి కాబట్టి, చిప్ లోపలి జంక్షన్లకి తెరుచుకునే అవకాశమే రాదు. దీని హద్దు 1 ఆంపు, 40 వోల్టులు. ఇన్‌పుట్ లైన్ మామూలుగా 30 వోల్టుల పైన ఉండే బోర్డుల్లో 1ఎన్4007 వాడండి. పని అయ్యాక డయోడ్‌ని అలాగే వదిలేసినా ఫర్వాలేదు, చాలా డిజైన్లలో ఇది ముందే ఉంటుంది కూడా.

గీత తిరగబెట్టారా, మళ్లీ మామూలు కరెంట్ పెట్టినప్పుడు 12 వోల్టుల ఇన్‌పుట్ దాదాపు మొత్తంగా 5 వోల్టుల లైన్ మీదికి వచ్చి పడుతుంది. సోల్డర్ చేశాక మీటర్ డయోడ్ మోడ్‌లో ఎర్ర ప్రోబ్ అవుట్‌పుట్ మీద, నల్లది ఇన్‌పుట్ మీద పెట్టండి. 0.3 లోపు అంకె రావాలి. ప్రోబ్‌లు మారిస్తే ఆ అంకె రాకూడదు.

రెండోది, ఇన్‌పుట్ కాలు సోల్డర్ తీసి పైకి లేపడం. అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి, ఇన్‌పుట్ వైపు షార్ట్ ఉన్నప్పుడు ఇదొక్కటే దారి. ఒకే ఇబ్బంది, పాత బోర్డుల్లో రాగి పొర లేచిపోతుంది.

మూడోది, ఇన్‌పుట్, అవుట్‌పుట్ కాళ్లని తీగతో కలిపేయడం. రెండు వైపులా ఒకే వోల్టేజ్ ఉంటుంది కాబట్టి చిప్‌కి ప్రమాదం లేదు, కొన్ని మిల్లీఆంపులు తిని కూర్చుంటుంది. చాలామంది ఇదే చెబుతారు. నేను చెప్పను. ఒకసారి ఇలాగే అర అంగుళం తీగ ముక్క సోల్డర్ చేసి, బోర్డు అడుగున ఉంది కదా, మర్చిపోయాను. సాయంత్రం స్క్రూలన్నీ బిగించి 12 వోల్టుల అడాప్టర్ పెట్టాను. డిస్‌ప్లే ఒక్క క్షణం తెల్లగా వెలిగింది, లోపల 'టప్' మని చిన్న చప్పుడు. మైక్రోకంట్రోలర్ మీద గుండుసూది తలంత గుంట పడింది. తప్పనిసరిగా తీగే వాడాల్సి వస్తే రెండు అంగుళాల ఎర్ర తీగ వంకీలా పైకి నిలిచేలా పెట్టండి, మూత బిగించడానికి అడ్డం రావాలి.

6. సప్లై సెట్ చేసి కలపండి

సప్లై తీగలు బోర్డుకి దూరంగా ఉంచి 5.0 వోల్టులు పెట్టండి. మీటర్‌తో కొలిచి చూడండి, సప్లై డిస్‌ప్లేని నమ్మకండి. కరెంట్ నాబ్ సున్నాకి తిప్పి, రెండు తీగలూ కలిపి షార్ట్ చేసి, మెల్లగా 100 మిల్లీఆంపుల దాకా పెంచండి. ఇప్పుడు లిమిట్ నిజంగా సెట్ అయింది.

సప్లై ఆపి, ముందు నలుపు తీగ గ్రౌండ్‌కి, తర్వాత ఎరుపు తీగ అవుట్‌పుట్ కాలికి కలపండి. కాలు పట్టుకోవడానికి వీలు లేకపోతే అవుట్‌పుట్ కెపాసిటర్ ప్లస్ కొస చూసుకోండి, అదీ అదే లైను. ఇంకోసారి రంగులు చూసి ఆన్ చేయండి.

వోల్టేజ్‌ని సున్నా నుంచి నెమ్మదిగా పెంచాలా అని అడుగుతారు. అక్కర్లేదు. నెమ్మదిగా పెంచితే మైక్రోకంట్రోలర్ సరిగ్గా రీసెట్ కాక, లేని జబ్బు చూపిస్తుంది. పూర్తి 5 వోల్టులు, తక్కువ కరెంట్ లిమిట్. అంతే.

చూడాల్సినవి:

- అవుట్‌పుట్ కాలి దగ్గర 4.9 నుంచి 5.1 వోల్టులు. సప్లై దగ్గర 5 ఉండి కాలి దగ్గర 4.6 ఉంటే క్లిప్పు వదులుగా ఉంది
- ఇన్‌పుట్ కాలి దగ్గర షాట్కీతో 4.6 నుంచి 4.8. అక్కడ 2, 3 వోల్టులే ఉండి డయోడ్ వేడెక్కుతుంటే ఇన్‌పుట్ లైన్ మీద మీరు చూడని లోడ్ ఏదో ఉంది. ఆపి 4వ మెట్టుకి వెళ్లండి
- రెగ్యులేటర్ చల్లగా ఉండాలి. ఈ పరీక్షలో దానికి పనే లేదు, గోరువెచ్చగా ఉన్నా అనుమానించాల్సిందే
- మొత్తం కరెంట్ నమ్మదగ్గదిగా ఉండాలి. ఆర్డునో ఊనో లాంటి రెడీమేడ్ మైక్రోకంట్రోలర్ బోర్డు ఒంటరిగా 50 మిల్లీఆంపుల దగ్గర ఉంటుంది. 100 లిమిట్ తగిలి వోల్టేజ్ 4కి దిగితే వెంటనే షార్ట్ అనుకోవద్దు. లిమిట్ 200, తర్వాత 300 చేసి చూడండి. వోల్టేజ్ 5కి ఎక్కి కరెంట్ ఒకచోట ఆగితే అది బోర్డు అవసరమే. లిమిట్ ఎంత పెంచితే అంతా తినేసి వోల్టేజ్ మాత్రం లేవకపోతే షార్ట్

7. షార్ట్ ఉంటే ఎక్కడో పట్టుకోవడం

సప్లైని 1 వోల్టుకి దించి, కరెంట్ లిమిట్ 1 ఆంపు చేయండి. బోర్డులో ఎక్కడ ఖర్చయినా 1 వాట్ మించదు, బాగున్న చిప్పులు ఈ వోల్టేజ్‌కి మేలుకోవు. షార్ట్ అయిన భాగం ఒక్కటే వేడెక్కుతుంది. బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పల్చగా పూయండి. ఎక్కడ ముందు ఆరిపోతుందో అక్కడే దొంగ. ఎక్కువసార్లు అది చిన్న సిరామిక్ కెపాసిటర్ అయి ఉంటుంది.

వేడి తెలియకపోతే మీటర్‌ని మిల్లీవోల్టుల్లో పెట్టండి. ఎర్ర ప్రోబ్ మీ సప్లై క్లిప్పు దగ్గర ఉంచి, నల్లదాన్ని 5 వోల్టుల లైన్ వెంబడి జరుపుతూ పోండి. షార్ట్ వైపు వెళ్లేకొద్దీ అంకె పెరుగుతుంది: 2, 5, 9, 12. షార్ట్ దాటాక కరెంట్ ఉండదు కాబట్టి అంకె 12 దగ్గరే ఆగిపోతుంది. పెరగడం ఎక్కడ ఆగిందో అక్కడున్న భాగాన్ని తీసి చూడండి. ఆల్కహాల్ కంటే ఈ పద్ధతే నాకు నమ్మకం, కాస్త ఓపిక ఉంటే చాలు.

8. పరీక్ష చేస్తున్నప్పుడు మర్చిపోకూడనివి

ల్యాబ్ సప్లై పెట్టి ఉండగా ఇంకో కరెంట్ పెట్టకూడదు. అడాప్టర్ కూడా పెట్టారనుకోండి, రెగ్యులేటర్ 5.1 ఇస్తుంది, సప్లై 5.0 ఇస్తుంది, రెండూ పోట్లాడుకుంటాయి. ఏది బోర్డుని నడుపుతోందో మీకు తెలియదు, కొలతలన్నీ వృథా.

ఆర్డునో ఊనోలో 5 వోల్టుల పిన్‌కి బయటి నుంచి ఇవ్వడం కూడా ఇదే పద్ధతి. ఇస్తే బోర్డు నడుస్తుంది, కానీ అలా ఉండగా యూఎస్‌బీ కేబుల్ పెట్టకండి. ఆ బోర్డు మీద యూఎస్‌బీ దారిని తెరిచే మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) వీఇన్ (రెగ్యులేటర్ ఇన్‌పుట్ లైన్) దగ్గర తగినంత వోల్టేజ్ ఉంటేనే ఆ దారిని ఆపుతుంది. వెనక నుంచి వచ్చే నాలుగు వోల్టుల చిల్లర దానికి చాలదు. అంటే మీ సప్లై నేరుగా కంప్యూటర్ పోర్టు మీద కూర్చుంటుంది. మధ్యలో ఉన్న ఫ్యూజ్ ఎక్కువ కరెంట్‌నే ఆపుతుంది, ఎదురు వచ్చే కరెంట్‌ని కాదు. కోడ్ ఎక్కించాలంటే ముందు సప్లై తీసేయండి.

5 నుంచి 3.3 తయారు చేసుకునే బోర్డులో ఎప్పుడూ 5 వైపే ఇవ్వండి. 3.3 వైపు ఇస్తే రెగ్యులేటర్ గుండా 5 వోల్టుల లైన్ మీదికి అటూ ఇటూ కాని వోల్టేజ్ ఎక్కి, ఆ లైన్ మీది చిప్పులు అరకొరగా మేలుకుంటాయి.

12 వోల్టుల భాగం ఈ పరీక్షలో చచ్చి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. రిలే కొట్టుకోలేదంటే అది లోపం కాదు. రిలే డ్రైవర్ ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర సిగ్నల్ మారుతోందా అన్నదే చూడాలి. 12 వోల్టులతో నడిచే ఆప్-ఆంప్ (సిగ్నల్ పెంచే చిప్) అవుట్‌పుట్ చదివే సెన్సర్ అంకెలు కూడా ఇప్పుడు నమ్మకండి.

9. విప్పేశాక రెగ్యులేటర్‌ని పరీక్షించండి

సప్లై ఆపి, క్లిప్పులు తీసి, తీగ పెట్టి ఉంటే తీసేసి, లేపిన కాలు మళ్లీ సోల్డర్ చేయండి. మెయిన్స్ ప్లగ్ అప్పుడే పెట్టొద్దు. అదే ల్యాబ్ సప్లైని 9 వోల్టులు, 300 మిల్లీఆంపుల లిమిట్ చేసి ఈసారి ఇన్‌పుట్ కాలికి ఇవ్వండి. అవుట్‌పుట్ దగ్గర 4.8 నుంచి 5.2 లోపు రావాలి. ఇప్పుడు అవుట్‌పుట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 47 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించండి, ఇంకో 100 మిల్లీఆంపుల చిల్లర లోడ్ పడుతుంది. రెసిస్టర్ వేడెక్కుతుంది, పట్టుకోకండి. వోల్టేజ్ కొన్ని పదుల మిల్లీవోల్టులకి మించి కదలకపోతే రెగ్యులేటర్ బాగున్నట్టే. లోడ్ లేనప్పుడు 5 చూపించి, లోడ్ పెట్టగానే 4కి జారిపోతే అది దెబ్బతిన్నది, మార్చేయండి. లోడ్ లేకుండా కొలిచి బాగుందనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఈ పద్ధతి పనికిరాని చోట్లు కొన్ని ఉన్నాయి. కాయిల్ ఉన్న స్విచింగ్ కన్వర్టర్‌ని ఇలా వెనక నుంచి నడపకండి. కొన్ని రకాలు తిరగబడి ఇన్‌పుట్ వైపు మీరిచ్చినదానికంటే ఎక్కువ వోల్టేజ్ తయారు చేస్తాయి. అక్కడ కాయిల్ ఒక కొస లేపి, బోర్డు వైపు కొసకి ఇవ్వాలి. 7812, 7815, ఎక్కువ వోల్టేజ్‌కి సెట్ చేసిన ఎల్ఎం317లకి 5వ మెట్టులో చెప్పిన డయోడ్ లేకుండా అసలు క్లిప్పే తగిలించకండి. 7905 లాంటి నెగటివ్ రెగ్యులేటర్లకి ఇదే పద్ధతి పనిచేస్తుంది. సప్లై ప్లస్ గ్రౌండ్‌కి, మైనస్ అవుట్‌పుట్‌కి. డయోడ్ గీత మాత్రం ఈసారి అవుట్‌పుట్ వైపు.